చెరువు నీటిని రోజుకు రెండుసార్లు పరీక్షించడం: రొయ్యల రైతుకు నీటి రసాయన మార్గదర్శి

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువు చూసుకునేవారిని ఏ వేళంటే ఎక్కువ భయమని అడిగితే, తెల్లవారుజామున మూడింటికీ ఆరింటికీ మధ్య సమయమనే చెబుతారు. ఆక్సిజన్ అందక రొయ్యలు నీటిపైకి తేలేది అప్పుడే. కరెంటు పోయి, చక్రాలతో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఇంటిల్లిపాదీ గట్టు మీదికి పరుగెత్తేదీ అప్పుడే. అయినా పరీక్ష కోసం సీసాలో నీరు నింపేది మాత్రం చాలామంది పొద్దెక్కి తొమ్మిది దాటాక, వేరే పని మీద ఊళ్లోకి బయలుదేరేటప్పుడు. ఆ వేళకు ఎండ తగిలి చెరువు కోలుకొని ఉంటుంది. అంకెలన్నీ బాగున్నట్టే కాగితం మీదికి ఎక్కుతాయి, మరునాటి తెల్లవారుజామున మళ్లీ అదే భయం ఎదురవుతుంది.

నీటి పరీక్షల పనిలో ఉన్నవాడిగా నేను ప్రతి రైతుకూ ముందుగా చెప్పే మాట ఒక్కటే. చెరువు నీటికి స్థిరమైన గుణం ఉండదు, అది రోజంతా మారుతూనే ఉంటుంది. కనుక తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య మరొకసారి కొలిచి, ఆ రెండు అంకెల మధ్య తేడాను చూడాలి. ఆ తేడా ఎందుకు వస్తుందో, దాన్ని ఎలా కొలవాలో, కొలిచాక ఏం చేయాలో ఈ మార్గదర్శిలో వరుసగా వివరిస్తాను. ఇది వెనామీ రొయ్యను దృష్టిలో పెట్టుకొని రాసినదే అయినా, కొల్లేరు చుట్టూ శీలావతి, బొచ్చె చేపలు పెంచేవారికి కూడా ఇందులో చాలా భాగం అలాగే వర్తిస్తుంది.

ముందుగా తెలుసుకోవలసినది: నీటి అణువు తీరు

నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు 104.5 డిగ్రీల కోణంలో, ఒకే పక్కకు వంగినట్టుగా అతుక్కొని ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు ఎక్కువగా లాక్కుంటుంది కనుక ఆ కొసన కొద్దిగా రుణావేశం, హైడ్రోజన్ల కొసన కొద్దిగా ధనావేశం నిలుస్తాయి. ఒక అణువు ధన కొస పక్క అణువు రుణ కొసను పట్టుకోవడాన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ఈ పట్టు విడిగా చూస్తే బలహీనమైనదే గానీ, కోట్లాది అణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండటం వల్ల నీటికి రెండు లక్షణాలు వచ్చాయి. చెరువులో జరిగేదంతా ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటిది, నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.18 కిలోజౌళ్ల శక్తి కావాలి, ఎందుకంటే అందులో చాలా భాగం ఆ బంధాలను సడలించడానికే ఖర్చవుతుంది. గట్టు మీద గాలి పగటికీ రాత్రికీ పది పన్నెండు డిగ్రీలు మారినా, చెరువు నీరు సాధారణంగా రెండు మూడు డిగ్రీలకు మించి మారదు. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేని రొయ్య ఈ మార్పుల నుంచి తప్పించుకొని బతికేది నీటికున్న ఈ గుణం వల్లనే.

రెండవది, ఏది కరుగుతుంది, ఏది కరగదు అన్నది. ఉప్పు, అమోనియా, ఖనిజాల వంటి ఆవేశమో ధ్రువత్వమో ఉన్న పదార్థాలను నీరు చుట్టుముట్టి తనలో కలుపుకుంటుంది. ఆక్సిజన్ అణువుకు అలాంటి కొసలు లేవు, పట్టుకోవడానికి నీటికి అందులో ఏమీ దొరకదు. ఫలితం ఏమిటో చూడండి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో నిండుగా కరిగినా 7.5 మిల్లీగ్రాములే ఉంటుంది. ఉప్పు 20 పీపీటీ (వెయ్యి పాళ్లలో 20 పాళ్లు) ఉన్న నీటిలో అది 7 కన్నా తక్కువ. నీరు వేడెక్కేకొద్దీ ఈ కొద్దిపాటి ఆక్సిజన్ కూడా తగ్గుతుంది, రొయ్య అవసరం మాత్రం వేడితో పాటు పెరుగుతుంది. రొయ్యను చంపే అమోనియా ధారాళంగా కరిగే నీటిలోనే, దాన్ని బతికించే ఆక్సిజన్ అంతంతమాత్రంగా కరుగుతుంది. రొయ్యల సాగులో కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటి మెట్టు: చెరువు కొలత, నాలుగు కిలోల లెక్క

మందుల దుకాణంలో ఏదైనా కొనే ముందు మీ చెరువులో ఎంత నీరు ఉందో తెలిసి ఉండాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. సగటు లోతు ఒక మీటరు ఉంటే నీరు సుమారు 40 లక్షల లీటర్లు. అంటే ఆ చెరువులో ఏ పదార్థమైనా లీటరుకు 1 మిల్లీగ్రాము ఉందంటే, మొత్తం చెరువులో అది దాదాపు 4 కిలోలు ఉన్నట్టు. ఈ లెక్కను నోటికి తెచ్చుకోండి. లోతు మీటరున్నర అయితే 4కు బదులు 6 వేసుకోండి, రెండెకరాలైతే రెట్టింపు చేసుకోండి. లోతును ఒక్కచోట కాకుండా, గెడకర్రతో కనీసం పది చోట్ల కొలిచి సగటు తీయండి.

ఈ లెక్కతో ఒకటి వెంటనే అర్థమవుతుంది. లీటరుకు 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్న ఎకరం చెరువులో మొత్తం ఆక్సిజన్ 24 కిలోలే. నీటిలోని పాచి, అడుగు బురదలోని బ్యాక్టీరియా, రొయ్యలు అన్నీ కలిసి ఆ రాత్రంతా గడపవలసింది ఆ 24 కిలోలతోనూ, ఏరియేటర్లు గాలి నుంచి తెచ్చి కలిపే దానితోనూ మాత్రమే.

రెండవ మెట్టు: నమూనా తీయడం

పరీక్షలు తప్పడానికి ముఖ్య కారణం రసాయనాల్లో కాక సీసా నింపే తీరులోనే ఉంటుందని నా అనుభవం. ఒకసారి ఒక యువ రైతు తెల్లవారి అయిదింటికి శ్రద్ధగా నీరు పట్టి, సగం నిండిన శీతల పానీయపు సీసాను బండికి తగిలించుకొని, దారిలో పనులు చూసుకుంటూ పదకొండింటికి మా దగ్గరికి వచ్చాడు. సీసా లేత పచ్చగా, గోరువెచ్చగా ఉంది. లోపల పాచి ఆ ఆరు గంటలూ ఎండలో తన పని తాను చేసుకుంటూనే ఉంది, సగం ఖాళీలోకి కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె అయిన పీహెచ్ 8.9 చూపింది. అది ఆ సీసా పీహెచ్ మాత్రమే, చెరువుది కాదు. ఆ అంకెను నమ్మి ఏం చేసినా చెరువుకు కీడే జరిగేది.

కాబట్టి ఇలా చేయండి. రొయ్య అడుగున తిరిగే జీవి కనుక పైనీరు కాకుండా, చెరువు నేలకు ఒక అడుగు ఎత్తులో ఉన్న నీరు తీయాలి. బరువు కట్టిన సీసాకు మూత బిగించి, ఆ మూతకు వేరే తాడు కట్టి, లోతుకు దించాక మూత లాగితే సరిపోతుంది. ఏరియేటర్ పక్కన కాకుండా, బురద పేరుకునే చోట ఒకటి, తూము దగ్గర ఒకటి తీసుకోండి. సీసాను బుడగ లేకుండా అంచు దాకా నింపండి. ఉష్ణోగ్రత, ఆక్సిజన్, పీహెచ్ అనే మూడింటినీ గట్టు మీదే కొలవాలి. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే బలం), కఠినత, ఖనిజాలు మాత్రం చల్లగా, చీకటిగా ఉంచిన సీసాలో ఆ రోజే పరీక్షశాలకు చేరిస్తే చాలు.

మూడవ మెట్టు: ఆక్సిజన్‌ను కంటితో చూడటం

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు ఉంటే పని సులువే గానీ, దాని పొర పాడైతే అది ధైర్యంగా తప్పు చెబుతుంది. అందువల్ల వింక్లర్ పద్ధతిని ప్రతి రైతూ ఒక్కసారైనా స్వయంగా చేసి చూడాలని నా కోరిక. హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన ఈ పద్ధతి ఇప్పటికీ మీటర్లను సరిచూసే కొలబద్దగా ఉంది.

గాజు బిరడా ఉన్న 300 మిల్లీలీటర్ల సీసాను నీటిలోపలే నింపి బిరడా పెట్టండి. తరువాత బిరడా తీసి, పిపెట్ కొసను నీటి మట్టానికి కిందకు దించి, 2 మిల్లీలీటర్ల మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం, 2 మిల్లీలీటర్ల క్షార అయొడైడ్ అజైడ్ ద్రావణం వదలండి. బిరడా బిగించి సీసాను పది పదిహేను సార్లు తలకిందులుగా తిప్పండి. నీటిలో ఆక్సిజన్ ఉంటే మాంగనీస్ దాన్ని పట్టుకొని గోధుమ రంగు మడ్డిలా మారి మెల్లగా కిందికి దిగుతుంది. ఎంత ముదురు గోధుమైతే అంత ఆక్సిజన్. మడ్డి తెల్లగానే ఉండిపోయిందంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేదని అర్థం. అప్పుడు మిగతా లెక్క చూడనవసరం లేదు, పరుగెత్తి ఏరియేటర్లు వేయండి.

మడ్డి సగానికి దిగాక 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సీసా గోడ వెంబడి జార్చండి. ఈ పని చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఎవరూ చేయకూడదు, పిల్లలను దగ్గరికి రానీయకూడదు. సీసాను తిప్పితే మడ్డి కరిగి, ఆక్సిజన్ ఎంత ఉందో అంత అయొడిన్ విడుదలై, నీరు తేనె రంగుకు తిరుగుతుంది. అందులో 200 మిల్లీలీటర్లు తీసుకొని, 0.025 నార్మాలిటీ (గాఢత) ఉన్న సోడియం థయోసల్ఫేట్‌ను బ్యూరెట్ నుంచి చుక్కలుగా వదలండి. రంగు లేత గడ్డి పసుపుకు వచ్చినప్పుడు కొంచెం గంజి ద్రావణం వేస్తే నీరంతా ఒక్కసారిగా ముదురు నీలమవుతుంది. ఇక్కడి నుంచి చుక్క చుక్కకూ ఆగాలి. నీలం పలచబడుతూ పలచబడుతూ, ఒక్క చుక్కతో పూర్తిగా మాయమవుతుంది. అప్పటివరకు ఎన్ని మిల్లీలీటర్ల థయోసల్ఫేట్ ఖర్చయిందో, లీటరుకు దాదాపు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నట్టు.

తెల్లవారుజామున ఈ అంకె 4 కన్నా తగ్గకుండా చూసుకోవాలి. 3కు దిగితే రొయ్య మేత మీద ఆసక్తి కోల్పోతుంది, వ్యాధులకు లొంగుతుంది. 2 కన్నా దిగితే ప్రాణాపాయమే. మధ్యాహ్నం మాత్రం పాచి కిరణజన్య సంయోగక్రియ వల్ల 9, 10 కూడా రావచ్చు. దాన్ని చూసి సంతోషించవద్దు. పగలు అంత ఎక్కువగా ఆక్సిజన్ తయారుచేసిన పాచి రాత్రి అంతే ఎక్కువగా పీల్చుకుంటుంది. తెల్లవారి 3, మధ్యాహ్నం 11 ఉన్న చెరువు కన్నా, తెల్లవారి 5, మధ్యాహ్నం 7.5 ఉన్న చెరువు ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టు.

పాచి ఎంత ఉందో అంచనా వేయడానికి 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు బిళ్లను తాడుతో దించి, అది ఎంత లోతులో కనుమరుగవుతుందో చూడండి. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే మంచిది. 20కు వచ్చిందంటే పాచి మితిమీరింది. మేత తగ్గించి, వీలైతే కొంత నీరు మార్చాలి. మబ్బు పట్టిన రోజున పాచి ఆక్సిజన్ తయారుచేయదు గానీ పీల్చడం మానదు, అందుకే ముసురు పట్టిన రోజుల్లో మేత సగానికి తగ్గించడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

ఏరియేటర్ల గురించి ఒక మాట. నీటిలో ఆక్సిజన్ ఎంత తక్కువగా ఉంటే ఏరియేటర్ అంత బాగా గాలి నుంచి ఆక్సిజన్‌ను లాగుతుంది. మధ్యాహ్నం నీటిలో సంతృప్త స్థాయికి మించి ఆక్సిజన్ ఉన్నప్పుడు అదే చక్రం ఆ అదనాన్ని గాలిలోకి వదిలేస్తుంది. అయినా ఆ వేళ ఒక గంట తిప్పడంలో ప్రయోజనం ఉంది, ఎందుకంటే పైన నిండుగా ఉన్న నీరు అడుగుకు చేరుతుంది. నీటిలో ఆక్సిజన్ తనంతట తాను వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. కలపకపోతే అడుగు నీరు అడుగునే ఉక్కిరిబిక్కిరవుతుంది.

నాలుగవ మెట్టు: పీహెచ్ ఊగిసలాట, దాన్ని ఆపే ఆల్కలినిటీ

పాచి పగలు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది, రాత్రి చెరువంతా దాన్ని వదులుతుంది. నీటిలో కలిసిన ఈ వాయువు కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది కనుక, తెల్లవారేసరికి పీహెచ్ దిగి, మధ్యాహ్నానికి ఎక్కుతుంది. పీహెచ్‌లో ఒక అంకె మారడమంటే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు మారడం. రొయ్యకు 7.5 నుంచి 8.5 వరకు అనుకూలమే, కానీ ఒకే రోజులో ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా 0.5 దాటకుండా ఉండాలి. ఉదయం 7.8, మధ్యాహ్నం 8.2 ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఉదయం 7.5, మధ్యాహ్నం 9.0 ఉంటే మాత్రం, ఒక్క పూటే కొలిచినవారికి తెలియని ప్రమాదం అక్కడ పొంచి ఉంది.

ఈ ఊగిసలాటకు పగ్గం వేసేది బైకార్బొనేట్. ఆమ్లం పెరిగితే అది హైడ్రోజన్ అయాన్లను పట్టుకుంటుంది, తగ్గితే వదులుతుంది. దాని బలాన్నే ఆల్కలినిటీ అంటారు. కొలవడం చాలా తేలిక. 50 మిల్లీలీటర్ల నీటికి రెండు మూడు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేసి, 0.02 నార్మాలిటీ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పసుపు రంగు నారింజకు తిరిగే దాకా వదలాలి. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమో వస్తుంది. వెనామీ చెరువులో ఇది 100కు తగ్గకూడదు. రొయ్య తన గుల్లను కాల్షియం కార్బొనేట్‌తోనే గట్టిపరచుకుంటుంది, కనుక ఆల్కలినిటీ పడిపోయిన చెరువులో కుబుసం విడిచిన రొయ్య మెత్తగా ఉండిపోయి లూజ్ షెల్ సమస్య కనిపిస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య గుల్ల విడుస్తుందని రైతులు లెక్కపెట్టుకుంటారు. ఆ రోజులకు ముందే ఆల్కలినిటీ చూసుకోవడం మంచి అలవాటు.

పెంచాలంటే ఏది వేయాలన్న దాంట్లోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పీహెచ్ 8.3 దాటిన నీటిలో వ్యవసాయ సున్నపు రాయి పొడి కరగనే కరగదు, డబ్బు అడుగున పేరుకుంటుంది. కాల్చిన సున్నం లేదా దాన్ని నీటితో తడిపిన సున్నం కరుగుతుంది గానీ పీహెచ్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది. రొయ్యలు ఉన్న చెరువులో మధ్యాహ్నం పూట దాన్ని చల్లకూడదు, ఎందుకో తరువాతి మెట్టులో తెలుస్తుంది. పీహెచ్ పెద్దగా కదలకుండా ఆల్కలినిటీ పెరగాలంటే వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్ మేలు. ఆల్కలినిటీ 1 పెరగాలంటే 1.68 మిల్లీగ్రాముల సోడా కావాలి. నాలుగు కిలోల లెక్క ప్రకారం ఎకరం చెరువులో 10 పెంచడానికి 1.68, 10, 4 గుణిస్తే సుమారు 67 కిలోలు. దీన్ని ఒకే రోజు కాకుండా రెండు మూడు రోజులకు పంచి, సాయంత్రం నీటిలో కరిగించి చల్లండి. ఇంత సోడా అవసరమని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు, అయిదు కిలోలతో సరిపెట్టమంటారు. అయిదు కిలోలతో ఆల్కలినిటీ ఒక్క అంకె కూడా పెరగదు, ఆ ఖర్చు వృథా.

అయిదవ మెట్టు: రెండు విషాలు, ఒకే పీహెచ్

చెరువులో వేసే మేతలో 35 శాతం మాంసకృత్తులుంటే, రోజుకు వేసే 50 కిలోల మేతలో నత్రజని 2.8 కిలోలు. అందులో మూడు వంతులు రొయ్య ఒంటికి పట్టకుండా నీటిలోకే చేరిందనుకుంటే, రోజుకు 2.1 కిలోలు, అంటే ఎకరం చెరువులో లీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము. అది చాలావరకు అమోనియాగా వస్తుంది. కొంత పాచి తీసుకుంటుంది, కొంత బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మార్పు ఉచితంగా జరగదు: కిలో నత్రజనికి 4.57 కిలోల ఆక్సిజన్, 7.14 కిలోల ఆల్కలినిటీ ఖర్చవుతాయి. పంట పెరిగేకొద్దీ, మేత పెరిగేకొద్దీ ఆల్కలినిటీ ఎందుకు తరుగుతుందో, రాత్రి ఆక్సిజన్ ఎందుకు చాలదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఆవేశం ఉన్న అమోనియం, అది మొప్పల పొర దాటి లోపలికి అంతగా పోదు. రెండవది ఆవేశం లేని అమోనియా, అది సులువుగా దూరిపోతుంది, విషమంతా దానిదే. పరీక్ష కిట్టు చూపేది రెండూ కలిసిన అంకెను. 30 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. 8 అయితే సుమారు 7.5 శాతం, 9 అయితే సుమారు 45 శాతం. ఉప్పునీటిలో ఇది కొంచెం తగ్గినా తీరు అదే. అంటే ఉదయం ప్రమాదం లేని అదే అమోనియా, మధ్యాహ్నం పీహెచ్ 8 నుంచి 9కి ఎక్కగానే ఆరు రెట్లు విషమవుతుంది. ఆ వేళలో సున్నం చల్లితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అమోనియాను ఉదయం కొలిచినా, పీహెచ్ మాత్రం మధ్యాహ్నపుదే తీసుకొని విషరూపాన్ని లెక్కించండి. అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆక్సిజన్ అందని నల్ల బురదలో పుట్టే ఈ వాయువు పీహెచ్ తగ్గేకొద్దీ విషరూపంలోకి మారుతుంది. పీహెచ్ 7 వద్ద సగం, 8 వద్ద పదో వంతు మాత్రమే విషరూపం. అడుగు బురదను పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. నా లెక్కలో ఏ కిట్టు కన్నా ముందు హెచ్చరించేది ఆ వాసనే. ఒకే చెరువులో అమోనియా మధ్యాహ్నం, హైడ్రోజన్ సల్ఫైడ్ తెల్లవారుజామున కాటేస్తాయి. పీహెచ్‌ను రోజంతా 7.8, 8.2 మధ్య కదలకుండా నిలపడమే రెండింటికీ విరుగుడు. అందుకే ఆల్కలినిటీని అంతగా పట్టించుకోమని అడుగుతున్నాను. దీనికి తోడు బురద పేరుకునే చోట మేత వేయకుండా ఉండటం, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మిగిలినదాన్ని బట్టి మరుసటి మేత తగ్గించడం చేయాలి.

నైట్రైట్ గురించి క్లుప్తంగా. చేపల్లో ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పాడుచేసి రక్తం గోధుమ రంగుకు తిరిగేలా చేస్తుంది. రొయ్య రక్తంలో రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది, దాని ప్రాణవాయువు మోసే శక్తినీ నైట్రైట్ దెబ్బతీస్తుంది. నీటిలో క్లోరైడ్ తగినంత ఉంటే నైట్రైట్ మొప్పల గుండా లోపలికి పోవడం తగ్గుతుంది, కనుక ఉప్పు తక్కువగా ఉన్న చెరువుల్లోనే దీని భయం ఎక్కువ.

ఆరవ మెట్టు: బోరు నీటిలో లేని ఖనిజాలు

సముద్రానికి దూరంగా బోరు నీటితో వెనామీ పెంచేవారికి ఉప్పు శాతం ఒక్కటే చాలదు. 35 పీపీటీ సముద్రపు నీటిలో లీటరుకు పొటాషియం సుమారు 400, కాల్షియం 410, మెగ్నీషియం 1,280 మిల్లీగ్రాములుంటాయి. అంటే ప్రతి పీపీటీకి పొటాషియం 11, కాల్షియం 12, మెగ్నీషియం 37 చొప్పున. మీ చెరువు 5 పీపీటీ అయితే పొటాషియం 55 ఉండాలి. పరీక్షలో 25 వచ్చిందనుకోండి, లోటు 30, ఎకరానికి 120 కిలోల పొటాషియం. ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో సగమే పొటాషియం కనుక 240 కిలోలు కావాలి. దీన్ని విడతలుగా, కరిగించి వేయండి. సోడియం, పొటాషియంల మధ్య సమతౌల్యం తప్పితే రొయ్య కండరాలు బిగుసుకుపోతాయి, ఒంటి నీటిని నియంత్రించుకోవడానికే దాని శక్తి అంతా పోతుంది.

బోరు నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కార్బన్ డయాక్సైడ్, కరిగిన ఇనుము ఉంటాయి. నేరుగా చెరువులోకి వదలకుండా పలకల మీదుగా జారనిచ్చి, ఒక రోజు నిలవ ఉంచితే ఇనుము తుప్పు రంగు మడ్డిగా దిగిపోతుంది.

ఏడవ మెట్టు: పెద్ద వాన పడినప్పుడు

వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల సుమారు 5.6 పీహెచ్‌తో, ఉప్పు లేకుండా దిగుతుంది. చెరువు ఉప్పునీటి కన్నా తేలిక కనుక పైన దుప్పటిలా పరుచుకొని, అడుగు నీటికి గాలి అందకుండా చేస్తుంది. వాన ఆగగానే పైతూము నుంచి ఆ పై పొరను వదలండి, ఏరియేటర్లు తిప్పండి, ఆ రాత్రి మేత మానండి, ఆల్కలినిటీ మళ్లీ కొలవండి. వాన పడిన రాత్రి తెల్లవారుజామున నిద్ర లేచి డీఓ చూడటం మాత్రం ఎవరికీ అప్పగించకండి.

ఎనిమిదవ మెట్టు: పట్టుబడి తరువాత నీటిని వదలడం

రొయ్యలు పట్టేశాక చాలామంది తూము ఎత్తేసి మరచిపోతారు. ఆ నీటిలో ఉప్పు ఉంది, నత్రజని ఉంది, చివరి అడుగున్నరలో వచ్చేది నల్లటి బురదే. డ్రెయిను కింద వరి నాటినవారున్నారు, పశువులు తాగేది ఆ నీరే, కొన్ని ఊళ్ల తాగునీటి చెరువులకు చేరేదీ అదే. వరి ఉప్పుకు తట్టుకోలేని పంట. కనుక వదిలే ముందు ఉప్పు శాతాన్ని కొలవండి, వీలైతే ఒక పక్క గుంటలో రెండు మూడు రోజులు నిలవ ఉంచి మడ్డి దిగనివ్వండి. చివరి బురద నీటిని డ్రెయిన్‌లోకి అసలే వదలకుండా చెరువులోనే ఎండనిచ్చి, పైమట్టి తీసి, ఆ తరువాతే సున్నం చల్లి దున్నండి. ఎండిన మట్టిలో పగుళ్లు అరచేయి మందాన పడి, లోపలి నలుపు బూడిద రంగుకు తిరిగిందంటే గాలి లోపలికి చేరినట్టు. కొత్త పంటకు నీరు పెట్టడం ఆ తరువాతే.